మజ్జిగ లేని వెన్న

చల్లకొచ్చి ముంత దాచడమెందుకు? ముందే చెప్పేస్తున్నాను. ఒక మనిషి మీద కోపంతో ఏడు నెలల పాటు శనివారం శనివారం గంటన్నర కారు నడుపుకుంటూ వెళ్లి, ఒక పాత ఇంట్లో జీతం భత్యం లేకుండా లాంతరు గాజులు తుడిచాను. పాతకాలపు జీవితమంటే ఇష్టమని అక్కడివాళ్లతో అన్నాను. ఇంట్లో పొద్దుపోవడం లేదని మా అమ్మాయితో అన్నాను. రెండూ పూర్తిగా అబద్ధాలు కావు గానీ, వాటి కోసం మాత్రం వెళ్లలేదు.

మేముండేది అమెరికాలో, కాపెల్ అనే ఊళ్లో. మావారు పోయిన తర్వాత అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. ఇక్కడ కాళ్లుంటే చాలదు, కారుండాలి అని అర్థమై అరవై మూడో ఏట డ్రైవింగ్ నేర్చుకున్నాను. నేర్పిన తెలుగాయన రెండుసార్లు నాకు దణ్ణం పెట్టి మానేశాడు, మూడోసారి మళ్లీ ఆయనే వచ్చాడు. అమ్మాయీ అల్లుడూ ల్యాప్‌టాప్‌ల ముందు నుంచి లేవరు కాబట్టి మనవరాలిని స్కూలుకీ స్విమ్మింగ్‌కీ తిప్పేది నేనే. దానికి తొమ్మిదేళ్లు. నా గురించి లోకం ఏమనుకున్నా నాకు లెక్కలేదు. అది ఏమనుకుంటుందన్నది ఒక్కటే నాకు లెక్క.

పోయిన అక్టోబరులో వాళ్ల క్లాసును ఒక పాత హోమ్‌స్టెడ్, అంటే తొలినాటి రైతులు కట్టుకున్న ఇల్లు, చూడ్డానికి తీసుకెళ్లారు. తోడు వెళ్లే పెద్దవాళ్లలో మా అమ్మాయి నా పేరు ఇచ్చింది.

అదొక రెండు గదుల చెక్క ఇల్లు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, చుట్టూ ముప్ఫై మైళ్లలో ఊరన్నది లేని గడ్డి నేలలోకి ఒక జంట గుర్రబ్బండి మీద వచ్చి కట్టుకున్నారట. తర్వాత ఇంకో పది పన్నెండు కుటుంబాలు వచ్చాయి. ఒక బడీ ఒక చర్చీ వెలిశాయి. ఆ పైన వానలు ముఖం చాటేసి అందరూ ఎవరి దారిన వాళ్లు పోతే ఈ ఇల్లొక్కటి మిగిలింది. చెక్కల సందుల్లోంచి గాలి రాకుండా లోపల గోడలకి న్యూస్‌పేపర్లు అంటించి ఉన్నాయి. వంటగదిలో ఇనుప కట్టెల పొయ్యి, బట్టలు రుద్దే గరుకు రేకు, బయట వాన నీళ్ల తొట్టి, సుడిగాలి వస్తే దాక్కోవడానికీ దుంపలు దాచుకోవడానికీ పెరట్లో నేలమాళిగ. గోడకి ఆ ఇంటావిడ ఫోటో ఉంది. చంకలో పిల్లతో గుమ్మంలో నిలబడి, ఫోటో తీసేవాణ్ణి విసుక్కుంటున్నట్టు చూస్తోంది. వచ్చిన తల్లులందరూ ఆ ఫోటో చూసి పాపం పాపం అన్నారు. నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

మా నాన్న తుంగభద్ర కాలవ కింద భూములు దొరుకుతున్నాయని విని గుంటూరు జిల్లా నుంచి రాయచూరు వైపు వలస వెళ్లినవాడు. అలా వెళ్లినవాళ్లు వేసుకున్న గుడిసెల గుంపుల్ని క్యాంపులు అనేవారు. నేను పుట్టింది అలాంటి ఒక క్యాంపులో. తుమ్మచెట్లు నరికి, మోళ్లు పెకలించి, నేల చదును చేసుకున్నారు. ఆసుపత్రి పదిహేను మైళ్ల దూరం. జ్వరమొస్తే మిరియాల కషాయం, తేలు కుడితే మంత్రం, పురుడొస్తే పక్క గుడిసె అవ్వ. నా తర్వాత పుట్టిన ఇద్దరు ఆ క్యాంపు మట్టిలోనే ఉన్నారు. నాకు పన్నెండేళ్లు వచ్చేదాకా కరెంటు దీపం చూడలేదు. ఏడో ఏట నుంచీ మా ఇంట్లో చల్ల చిలికే పని నాది. అందుకని ఆ వంటగదిలో అడుగుపెట్టాక నాకు ఎవరూ ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది.

అక్కడ చిలికే పీపా ఉంది. నిలువుగా ఉంటుంది, మూత మధ్య కన్నం, అందులోంచి రోకలి లాంటి కర్ర. మన కవ్వంలా తిప్పరు, పైకీ కిందికీ దంచుతారు. ఆ కన్నం ఒక పక్కకే అరిగిపోయి ఉంది. అంటే ఆ ఇంటావిడ ఒక చేత్తో పిల్లను పట్టుకుని రెండో చేత్తో చిలికేదన్నమాట. ఆ సంగతి గోడ మీద బోర్డులో రాసి లేదు.

అన్నీ చూపించి చెప్పే ఆవిడకి యాభై అయిదేళ్లుంటాయి. పూల గౌను, తెల్ల ఏప్రాను, నెత్తిన గడ్డం కింద ముడివేసిన కుచ్చుల టోపీ. అక్కడ పెత్తనమంతా ఆవిడదే. పేరు చెప్పను. నా మనసులో ఆవిడ పేరు కుచ్చుటోపీ, ఇక్కడా అదే ఉంచుతాను. కుచ్చుటోపీ ఐస్‌పెట్టెలోంచి డబ్బా తీసి మీగడ పీపాలో పోసింది. పిల్లల్ని వరసలో నిలబెట్టి ఒక్కొక్కరిని పదేసి సార్లు దంచమంది. మంచులాంటి మీగడ, పులవని మీగడ, అలా దంచితే సాయంత్రానికి కూడా వెన్న రాదు. నేను నోరు మూసుకోవాల్సింది. ముందుకెళ్లి కర్ర మీద చెయ్యి వేశాను.

"మేడమ్, ఇది చాలా చల్లగా ఉంది. కాసేపు బయట ఉండాలి. కొంచెం పెరుగు కలిపి పులవనివ్వాలి కూడా" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లిష్‌లో.

ఆవిడ నవ్వుతూనే నా వేళ్లు ఒక్కొక్కటే కర్ర మీంచి తీసేసింది. పిల్లల వైపు తిరిగింది.

"చూశారా పిల్లలూ, ఈవిడకి ఇదంతా కొత్త. పాపం ఎక్కడో దూరదేశం నుంచి వచ్చారు. మన పూర్వీకులు ఇక్కడ ఎలా బతికారో వాళ్లకి తెలిసే అవకాశం లేదు కదా? హనీ, మీరు కొంచెం వెనక్కి నిలబడండి. ఇవి పాత వస్తువులు, జాగ్రత్తగా చూసుకోవాలి."

పిల్లలు కిసుక్కుమన్నారు. మనవరాలు నా చున్నీ పట్టుకుని వెనక్కి లాగింది. దాని చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మమ్మా, ప్లీజ్. స్టాప్" అంది. తర్వాత కుచ్చుటోపీ పక్కనున్న ఒక కుండ మీద గుడ్డ తీసి, ఇదిగో మీరు చిలికిన వెన్న అని బిస్కట్ల మీద రాసి పంచింది. అందరూ చప్పట్లు కొట్టారు. మనవరాలు నాకు దూరంగా వెళ్లి తింది.

ఇంటికొచ్చేటప్పుడు కారులో సగం దూరం వచ్చాక మనవరాలు నా వైపు తిరిగింది. మా అల్లుడిది వరంగల్, దాని తెలుగులో సగం ఆ యాస, సగం అమెరికా.

"నువ్వెందుకు టచ్ చేసినవ్? అందరు నన్ను చూసిన్రు. నెక్స్ట్ టైమ్ నువ్వు రావద్దు. అమ్మ వస్తది, లేకపోతే ఎవరు వద్దు."

కుచ్చుటోపీ నన్నన్న మాటలు నాకు అంతగా తగల్లేదు, అలాంటివి ఈ దేశంలో చాలా విన్నాను. కానీ తొమ్మిదేళ్లుగా నా ఒళ్లో పెరిగిన పిల్ల చేత నన్ను వద్దనిపించింది. అది నేను క్షమించలేను. ఆ రోజు హైవే దిగేలోపే అనుకున్నాను, ఇదే వంటగదిలో ఇదే పిల్ల ముందు ఆవిడ తల దించుకోవాలని.

రెండు వారాల తర్వాత అక్కడ వాలంటీరుగా చేరాను.

"నీకెందుకమ్మా ఈ గొడవ? వాళ్ల హిస్టరీ, వాళ్ల ఇష్టం" అంది మా అమ్మాయి.

"ఊరికే కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తున్నాయే. కాస్త తిరిగినట్టుంటుంది" అన్నాను.

"తిరగడానికి గంటన్నర డ్రైవ్ చేస్తారా ఎవరైనా? ప్లేనోలో సీనియర్స్ యోగా ఉంది కదా, అందులో జాయిన్ అవ్వచ్చు కదా?"

"వాళ్లు శవాసనం తప్ప ఇంకేం చేయనివ్వరు" అన్నాను. నవ్వేసి ఊరుకుంది.

కుచ్చుటోపీకి నేను గుర్తే లేను. అది ఇంకా మండించింది. నాకు లాంతరు గాజులు తుడవడం, పొయ్యి బూడిద ఎత్తడం, కిటికీలు తుడవడం ఇచ్చింది. వంటగదిలో జనం ఉన్నప్పుడు లోపలికి రావద్దంది, మీరుంటే ఆ కాలం వాతావరణం రాదు అంది. సరే మేడమ్ అన్నాను. ఎప్పుడూ నవ్వుతూ ఉన్నాను. బూడిదతో తోమితే గాజు ఎంత మెరుస్తుందో చూపిస్తే ఆశ్చర్యపోయింది, మరుసటి వారం అది తన అమ్మమ్మ చిట్కా అని జనానికి చెప్పింది. దానికీ నవ్వాను. మా క్యాంపులో ఒక ముసలాయన ఉండేవాడు, పగ ఉన్నవాడికి జలుబు కూడా చేయదు అనేవాడు. నిజమే, ఆ చలికాలమంతా నేను ఒక్క శనివారం కూడా మానలేదు.

ఎవరూ లేనప్పుడు మాత్రం ఆ ఇల్లు నాదే. ఆ ఇంటావిడ పొయ్యి తలుపు తీసి తీసి పిడి దగ్గర ఇనుము నున్నబడింది. నేలచెక్కలు పొయ్యికీ తొట్టి వైపు గుమ్మానికీ మధ్య మాత్రమే గుంటపడ్డాయి. బతుకంతా ఆ ఆరడుగుల్లోనే తిరిగింది. మా అమ్మకీ అంతే. పిండిబస్తా గుడ్డతో కుట్టిన గౌను ఒకటి మేకుకి వేలాడదీశారు, దాన్ని అందరూ ఫోటో తీసుకుంటారు. మా అమ్మ ఎరువుల బస్తా చింపి నాకు లంగా కుట్టింది, ఎరువు కంపెనీ బొమ్మ సరిగ్గా వెనక వచ్చింది. ఈ ఇంటావిడ ఉంటే మేమిద్దరం కూర్చుని దానికి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్లం. ఆవిడలా గౌను వేసుకుని తిరిగే కుచ్చుటోపీ మాత్రం పొయ్యి ఒక్కసారైనా వెలిగించగా నేను చూడలేదు.

వెన్న సంగతి తొందరగానే తెలిసింది. మొదటిరోజే బిస్కట్ మీద ఉప్పు తగిలింది. ఆవిడ ఉప్పు వేయడం నేను చూడలేదు. పైగా ఆ వెన్న పొడిగా, గట్టిగా ఉంది. అప్పుడే చిలికిన వెన్న నుంచి నీటిచుక్కలు కారుతూ ఉంటాయి, కడిగి పిసికితే గానీ పోవు. డిసెంబరులో చెత్తసంచి బయట పడేస్తుంటే అందులో సూపర్‌మార్కెట్ వెన్న కాగితాలు నాలుగు కనిపించాయి. పొద్దున్నే వచ్చి కొన్న వెన్న కుండలోకి నొక్కి, పైన గుడ్డ కప్పి, పిల్లలు దంచడం అయ్యాక అదే ఇది అని చూపిస్తోంది. ఇంట్లో చేసి తెచ్చాను అని చెప్పినా తప్పు లేదు. మీరే చిలికారు అని చిన్నపిల్లలకి అబద్ధం చెబుతోంది. ఆ కాగితాలు చేత్తో పట్టుకుని నిలబడితే నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

అప్పుడే పక్కకి పిలిచి చెప్పి ఉండొచ్చు. కావాలంటే నేర్పిస్తానని కూడా అనొచ్చు. అలా అనాలనే ఆలోచన వచ్చింది, నేనే తోసేశాను. మే నెలలో అక్కడ పెద్ద సభ జరుగుతుంది. ఆ కాలంలో అక్కడ స్థిరపడ్డ కుటుంబాల వాళ్లు, ఆ ఇంటిని నడిపే కమిటీ పెద్దలు అందరూ వస్తారు. దాని కోసం ఆగాను.

ఈలోగా ఇంట్లో సాధన చేశాను. లైసెన్సున్న ఒక పాడి ఫారం నుంచి పచ్చిపాలు తెచ్చి, మీగడ తీసి, తోడువేసి గరాజ్‌లో పెట్టేదాన్ని. వాసనకి మా అల్లుడు కారు బయట పెట్టుకున్నాడు. వేలు ముంచితే చల్లగా తగలాలి గానీ జిల్లుమనకూడదు, అదీ కొలత. నాలుగుసార్లు చేసి చూసుకున్నాను.

ఆ రోజు మనవరాలిని బతిమాలి, ఐస్‌క్రీమ్ ఆశపెట్టి తీసుకెళ్లాను. కారు దిగే ముందు "నువ్వు ఏం టచ్ చేయవు కదా?" అని మాట తీసుకుంది. చేయనన్నాను.

వంటగదిలో, వరండాలో కలిపి యాభై మంది ఉంటారు. ముందు వరసలో చక్రాల కుర్చీలో తొంభైకి దగ్గరపడిన ఒక పెద్దావిడ. ఫోటోలో చంకలో ఉన్న పిల్లకి కూతురట ఆవిడ. కుచ్చుటోపీ మీగడ పోసింది, పిల్లల చేత దంచించింది, కుండ మీద గుడ్డ తీసింది. చప్పట్లు అయ్యేదాకా ఆగి నేను చెయ్యెత్తాను.

"ఒక్క డౌట్ మేడమ్. మజ్జిగ ఏదండీ?"

"ఏమన్నారు హనీ?"

"వెన్న వచ్చింది కదా, మజ్జిగ ఉండాలి కదా. పిల్లలు తాగుతారు."

"అది... పీపాలో ఉంది."

"అయితే కొంచెం వంచండి మేడమ్."

పెద్దావిడ కుర్చీలో ముందుకు వంగింది. "అవును, మజ్జిగ ఏది? చిలికినవాళ్లకే మొదటి గ్లాసు. మా అమ్మమ్మ రూలు అది" అంది. ఇక కుచ్చుటోపీకి తప్పలేదు. పీపా వంచింది. పోసిన మీగడ పోసినట్టే చిక్కగా జారింది. ఒక పిల్లాడు, "మరి మా వెన్న ఎక్కడినుంచి వచ్చింది?" అని అడిగాడు. ఆవిడ మెడ మీంచి ఎరుపు పైకి పాకింది.

అక్కడితో ఆపొచ్చు. నేను ఆపలేదు. "ఉప్పు ఎప్పుడు వేశారు మేడమ్?" అన్నాను. "మీ ఇంట్లో ఎప్పుడైనా చిలికారా మేడమ్?" అన్నాను. ప్రతి ప్రశ్నకీ మేడమ్ చేర్చాను, నవ్వు చెరగనివ్వలేదు. చివరిదానికి ఆవిడ లేదని తల అడ్డంగా ఊపింది. అప్పుడు కారులోంచి నా మీగడ తెచ్చాను. పీపా కడిగి, పోసి, పొట్టి స్టూలు మీద కూర్చుని దంచడం మొదలుపెట్టాను. మాట ఇచ్చిన సంగతి గుర్తుంది, మనవరాలి వైపు చూడలేదు. ఇరవై నిమిషాలకి కర్ర బరువెక్కింది, ఆ తర్వాత ఒక్కసారి తేలికైంది. మూత తీస్తే వెన్న తేలి ఉంది. మజ్జిగ గ్లాసులో పోసి పెద్దావిడకి ఇచ్చాను. తాగి, మూతి తుడుచుకుని, ఇంకొంచెం అడిగింది. మా మనవరాలు జనాన్ని తోసుకుంటూ వచ్చి నా పక్కన నిలబడి, "షీ ఈజ్ మై గ్రాండ్‌మా" అని అందరికీ చెప్పింది.

కిటికీలోంచి కుచ్చుటోపీ కనిపించింది. నీళ్ల తొట్టి దగ్గర టోపీ తీసేసి దానితోనే మొహం తుడుచుకుంటోంది. జుట్టు పలచగా ఉంది. నాకు జాలి వేసిందని రాస్తే చదివేవాళ్లకి బాగుంటుంది. వేయలేదు. ఆవిడ ఇంకా కాసేపు ఏడిస్తే బాగుండనిపించింది.

ఆవిడ వారం తిరక్కుండానే మానేసింది. కమిటీవాళ్లు శనివారాలు నన్ను చూసుకోమన్నారు. సరే అన్నాను.

ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు మనవరాలు కారులో ఒక్క నిమిషం నోరు మూయలేదు.

"నీకు ఎప్పుడు తెలిసింది అమ్మమ్మా?"

"డిసెంబరులో."

"అంటే ఫైవ్ మంత్స్! మరి ఎవరికి చెప్పలేదా?"

"ఊరికే చెప్తే ఎవరు వింటారే? టైమ్ రావాలి. అందరూ ఉండాలి. అప్పటిదాకా నవ్వుతూ ఉండాలి."

అది సీట్లో వెనక్కి వాలి దాని గురించే ఆలోచిస్తూ కూర్చుంది. నేను పాట పెట్టుకున్నాను.

మూడు వారాల తర్వాత, స్కూలు మూసే ముందు, టీచర్ మా అమ్మాయికి ఫోన్ చేసింది. మా పిల్లకి క్లాసులో ఒక స్నేహితురాలుంది, మా ఇంటికి చాలాసార్లు వచ్చింది, ఒక రాత్రి మా దగ్గరే పడుకుంది, నా చేతి పప్పన్నం తింది. ఆ పిల్ల మా దాన్ని రిలే టీములోంచి తీసేసి ఇంకొకరిని పెట్టుకుందట. మా మనవరాలు ఏమీ అనలేదట, రోజూ దాని పక్కనే కూర్చుని భోజనం చేసిందట. చివరి వారం క్లాసు పార్టీలో అందరూ ఉన్నప్పుడు చెయ్యెత్తి, "నువ్వు మా ఇంట్లో స్లీపోవర్‌కి వచ్చినప్పుడు బెడ్ ఎందుకు తడిసింది?" అని నవ్వుతూ అడిగిందట. ఆ పిల్ల ఆ రోజు నుంచీ స్కూలుకి రావడం లేదు.

మా అమ్మాయి ఏడ్చింది. ఇది ఎవరి దగ్గర నేర్చుకుంది అని మొగుణ్ణి అడిగింది. నేను వంటింట్లో నిలబడి విన్నాను. నాకు మొదట కలిగింది సంతోషమే, అరక్షణం పాటు, పిల్ల గట్టిదే అని. తర్వాత ఆ చెయ్యెత్తడం ఎవరిదో గుర్తొచ్చి కారు తాళాలు అందుకున్నాను.

సారీ చెప్పించి తెస్తానని దాన్ని కారులో ఎక్కించుకుని ఆ పిల్ల ఇంటికి తీసుకెళ్లాను. డ్రైవ్‌వేలో కారు ఆపాను. ఇంటి కిటికీకి పరదా వేసి ఉంది. దిగమన్నాను. అది సీట్‌బెల్ట్ కూడా తీయలేదు.

"నువ్వు చెప్పినవా?"

"ఎవరికి?"

"ఆ లేడీకి. సారీ."

"అది వేరే. ఆవిడ పెద్ద మనిషి, అబద్ధం చెప్పింది..."

"నువ్వు ఫస్ట్ చెప్పు. అప్పుడు నేను దిగుత."

కోపం లేకుండానే అడిగింది, స్విమ్మింగ్ క్లాసు ఎన్నింటికని అడిగినట్టు. ఆవిడ నంబరు నా ఫోన్‌లోనే ఉంది. ఫోన్ తీసి చేతిలో పట్టుకున్నాను. నా వేళ్లు ఒక్కొక్కటే కర్ర మీంచి తీసేసిన ఆ చెయ్యి కళ్లముందుకొచ్చింది. లోపల పరదా కొద్దిగా కదిలింది, ఎవరో చూస్తున్నారు. పక్కన నా మనవరాలు ఓపిగ్గా నాకేసి చూస్తోంది.

ఫోన్ సంచిలో వేసి కారు రివర్స్ చేశాను.